ప్రతిజ్ఞ ఎవరు చదవాలి

కాలేజీలో చేరిన మూడో వారానికే ధనశ్రీకి ఒక సంగతి అర్థమైపోయింది. ఆ క్లాసులో తన పేరుతో ఎవరికీ పనిలేదు. "మాధవక్క కూతురు" అంటే చాలు, అందరికీ తెలిసిపోతుంది.

మాధవక్క అంటే ధనశ్రీ వాళ్ళమ్మ మాధవీలత. ఆవిడకి ముప్పై నాలుగు, కూతురికి పదిహేడు. ఒంగోల్లో ఒక నర్సింగు కాలేజీలో ఇద్దరూ ఒకే ఏడాది, ఒకే క్లాసులో చేరారు. పొద్దున్నే వేటపాలెంలో పాసింజరు ఎక్కుతారు, సాయంత్రం మళ్ళీ అక్కడే దిగుతారు.

అసలు అప్లికేషను కోసం వెళ్ళింది ధనశ్రీ. అమ్మ తోడు వచ్చిందంతే. ముప్పై ఐదేళ్ళ దాకా చేర్చుకుంటామని గుమాస్తా ఎవరితోనో అంటుంటే విని, మాధవీలత కొంగు సర్దుకుని కౌంటరు దగ్గరికి జరిగింది.

"నాకూ ఒకటివ్వండి," అంది.

మగ్గం నేస్తూనే ఓపెన్ స్కూల్లో పదీ, ఇంటరూ కట్టి పాసైన మనిషి. అత్తగారు పేరమ్మ పక్షవాతంతో రెండేళ్ళు మంచాన ఉంటే వీపు మీద ఒక్క పుండు పడనివ్వలేదు. చూడ్డానికొచ్చిన డాక్టరు "నువ్వు నర్సువి కావాల్సిందమ్మా" అని ఏదో మాటవరసకి అని వెళ్ళిపోయాడు. ఆయన మర్చిపోయాడు గానీ మాధవీలత మర్చిపోలేదు.

ఆ రోజు ధనశ్రీ నవ్వింది కూడా. "సీటొస్తే మాత్రం నా పక్కన కూర్చోకు తల్లీ!" అంది.

సీటొచ్చింది. మాధవీలత కూతురి పక్కన కూర్చోలేదు. మొదటి బెంచీలో కూర్చుంది.

హాస్టలు పిల్లలు అన్నం సయించక ఏడిస్తే మాధవక్క డబ్బాలో గోంగూర పచ్చడి తెచ్చేది. ఎవరికి కడుపునొప్పి వచ్చినా మాధవక్కే. మొదటి రోజు ధనశ్రీ పక్కన కూర్చున్న శ్రీదుర్గ పదో రోజుకి సంచీ తీసుకుని ముందు బెంచీకి వెళ్ళిపోయింది. ఇంట్లోనూ అంతే. ఇస్త్రీ పెట్టె ఎక్కడుంటుందో కూడా తెలియని నాన్న బాబ్జీ, రోజూ పొద్దున్నే అమ్మ తెల్ల యూనిఫారం మడత నలగకుండా ఇస్త్రీ చేస్తున్నాడు.

"నాన్నా, నాది?" అంది ధనశ్రీ ఒకరోజు.

"నువ్వు కుర్రపిల్లవి, నలిగినా బాగుంటావులే," అన్నాడాయన.

నవ్వుతూనే అన్నాడు. ధనశ్రీ మాత్రం ఒంగోలు చేరేదాకా తన యూనిఫారం మడతలు చేత్తో సాపు చేసుకుంటూనే ఉంది.

అట్లాంటి రోజుల్లోనే వాళ్ళ టీచరు సఫూరా మేడమ్ క్లాసులో ఒక సంగతి చెప్పింది. నెలాఖరున దీపాల కార్యక్రమం ఉంది. కొత్తగా చేరినవాళ్ళంతా తెల్లబట్టల్లో దీపాలు పట్టుకుని నిలబడతారు. ఒకరు మాత్రం ముందుకొచ్చి మైకులో నర్సుల ప్రతిజ్ఞ చదవాలి, మిగతావాళ్ళు వెనక నిలబడి చెప్పాలి. ప్రాక్టికల్ పరీక్షలో ఎవరు మొదటొస్తే వాళ్ళే చదువుతారు.

ధనశ్రీ ఆ రాత్రికే ప్రతిజ్ఞ కంఠతా పట్టేసింది. మొదటి మార్కు ఆమెకి అక్కర్లేదు. అందరూ చూస్తుండగా అమ్మ వెనక వరసలో, తను ముందు ఉండాలి. ఒక్కసారి, ఒక్క పూట. అంతే కావాలి.

పరీక్షలో నాలుగు పనులు. పక్క పరచడం, బీపీ చూడడం, కట్టు కట్టడం, చివరికి గాయానికి కుట్లు వేసే ట్రే. మూడు పనులు అయ్యేసరికి మాధవీలత ఒక్క మార్కు ముందుంది, తర్వాత ధనశ్రీ. కట్టు కడుతున్నప్పుడు మేడమ్ "అందరూ మాధవీలత వేళ్ళు చూడండి" అంది. ధనశ్రీ చూడలేదు. గోడమీద బల్లిని చూసింది.

కుట్ల ట్రే పనిలో చేతులు కడుక్కుని, మాస్కు కట్టుకుని, గ్లవ్సు వేసుకుని, సూదికి దారం ఎక్కించి డాక్టరుకి ఇచ్చినట్టు అందించాలి. శుభ్రం చేసి పెట్టినదానికి బయటిదేదీ తగలకూడదు. ధనశ్రీకి దారం నాలుగోసారికి గానీ ఎక్కలేదు. ఒక మార్కు పోయింది.

తర్వాత మాధవీలత. అన్నీ వరసగా, తొణక్కుండా చేసింది. దారం కొస మాత్రం చీలింది. ఒకసారి పెట్టింది, వెళ్ళలేదు. మేడమ్ కాగితం మీద ఏదో రాసుకుంటూ తల దించింది. అప్పుడు మాధవీలత మణికట్టుతో మాస్కు గడ్డం కిందికి తోసి, దారం కొసని పెదాల మధ్య తడిపి, మొన తీర్చి, ఒక్క ఊపున సూదిలోకి ఎక్కించేసి మాస్కు పైకి లాక్కుంది.

మగ్గం మనుషులకి దారం దగ్గర నోరు మూడో చెయ్యి. మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలో దారం కండె మార్చినప్పుడల్లా, దాని కన్నంలోంచి పోగుని నోటితోనే పీల్చి లాగుతారు. తెగిన పోగుని పెదాలతో తడిపి అతుకుతారు. పదేళ్ళ వయసు నుంచి రోజుకి వందసార్లు చేసిన పని. చేసినట్టు మాధవీలతకే తెలియదు.

చూసింది ధనశ్రీ ఒక్కతే. ఊరుకుంటే ఆ క్షణం గడిచిపోయేది.

"మేడమ్! మాధవీలత దారం నోట్లో పెట్టుకుంది."

క్లాసులో అమ్మా కూతురూ లేరు, ఇద్దరూ స్టూడెంట్లే అని మేడమ్ మొదటి రోజే చెప్పింది. అయినా ధనశ్రీ అమ్మని పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. పిల్లలందరూ ఇటు తిరిగారు.

"నిజమేనా?" అంది సఫూరా మేడమ్.

"నేనా? లేదు మేడమ్," అని మాధవీలత సూది వంక చూసుకుంది. దారం కొస తడిగా ఉంది. "పెట్టుకున్నట్టున్నాను మేడమ్."

"ట్రే మొత్తం పారెయ్యాల్సిందే. దీనికి సున్నా. వచ్చే వారం మళ్ళీ చెయ్యండి. అప్పుడూ ఇదే చేస్తే వార్డుకి పంపను."

ధనశ్రీ మొదటొచ్చింది. శ్రీదుర్గ పక్కనుంచి వెళుతూ, "కన్నతల్లి మీద చాడీలు చెప్పి కొట్టేశావుగా, కంగ్రాట్స్," అంది.

సాయంత్రం పాసింజరులో మాధవీలత వేరుశనక్కాయల పొట్లం కొనుక్కుంది. ఒక్కతే వొలుచుకుని తింటోంది. బండి కరవది దాటింది, అమ్మనబ్రోలు దాటింది.

"నేనేమన్నా అబద్ధం చెప్పానా?" అంది ధనశ్రీ ఉండబట్టలేక.

"చెప్పావని నేనన్నానా?"

"మరి మాట్లాడవేం?"

మాధవీలత పొట్టు కిటికీలోంచి ఊదేసింది. "ఒకటడుగుతా, నిజం చెప్పు. రేపు ఆ ఎంగిలి దారం ఎవరి ఒంట్లోకన్నా పోతుందని చెప్పావా, ప్రతిజ్ఞ నీకు రావాలని చెప్పావా?"

బయట చినగంజాం ఉప్పు మడులు తెల్లగా వెనక్కి పోతున్నాయి. ధనశ్రీ వాటినే చూస్తూ, "ప్రతిజ్ఞ కోసమే," అంది.

"తెలుసు."

"నువ్వెందుకమ్మా నా వెనకాలే వచ్చావు? ఇదొక్కటన్నా నాదనుకున్నా. అందరికీ నువ్వే. నాన్నక్కూడా నువ్వే."

"ఓసి పిచ్చిదానా! నాకు పదహారేళ్ళకే పెళ్ళి చేశారు. నువ్వు రెండు జడలేసుకుని సంచీ తగిలించుకుని బడికి పోతుంటే నేను మగ్గం గుంటలో కూచుని చూసేదాన్ని. అందరూ కూతుర్ని చూసి మురిసిపోతారంట. నేను కుళ్ళుకునేదాన్నే. నీ పుస్తకాల వాసన చూసి మరీ కుళ్ళుకునేదాన్ని." పక్క సీటు ముసలామె ఇటు తిరిగేసరికి మాధవీలత గొంతు తగ్గించింది. "నువ్వివాళ ఒక్కరోజు కుళ్ళుకున్నావు. నాది పదేళ్ళ కుళ్ళు. ఆ ప్రతిజ్ఞ నాక్కావాలనే ఉంది. నీకొచ్చిందని సంతోషం లేదు, అడగమాక."

"నీకు రానందుకు నాకేం బాధ లేదు," అంది ధనశ్రీ.

"మంచిది."

ధనశ్రీ పొట్లంలో చెయ్యి పెట్టింది. ఖాళీ.

ఆ వారమంతా ఇంట్లో పరీక్షే. మాధవీలత వసారాలో సూదీ దారం పెట్టుకుని కూర్చునేది. ఎదురుగా ధనశ్రీ చీపురుపుల్ల పట్టుకుని కూర్చునేది. అలవాటు కొద్దీ చెయ్యి పోగుతో పాటు నోటి వైపు లేవగానే పుల్లతో ఠపీమని తగిలించి "నోరు!" అనేది. ప్రతిజ్ఞ ఎలాగూ తనదే అయిపోయింది కాబట్టి సాయం చెయ్యడానికి ధనశ్రీకి అభ్యంతరమేమీ లేకపోయింది. దెబ్బలు మాత్రం కాస్త గట్టిగానే వేసింది.

"మీ అమ్మ నోరు మూయించడం పద్దెనిమిదేళ్ళుగా నా వల్ల కాలేదు," అన్నాడు బాబ్జీ మగ్గం మీంచి. "నీకు దణ్ణం పెట్టాలే!"

"మీరు నెయ్యండి ముందు," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

రెండోసారి మాధవీలత దారం కొసని రెండు చిమటాలతో పట్టి మొన తీర్చి, మాస్కు కదలకుండా ఎక్కించింది. పాసైంది. వార్డుకి వెళ్ళేవాళ్ళ పట్టికలో ఆమె పేరూ ఎక్కింది.

దీపాల కార్యక్రమం రోజు హాలు నిండిపోయింది. బాబ్జీ ఆ పొద్దున రెండు యూనిఫారాలూ ఇస్త్రీ చేశాడు. మొదటి వరసలో కూర్చుని ఫోను పైకెత్తి పట్టుకున్నాడు. ధనశ్రీ మైకు ముందుకొచ్చి నిలబడింది. మొదటి వాక్యం చదివింది. వెనక నలభైమంది ఆ వాక్యాన్ని తిరిగి చెప్పారు.

ఆ నలభై గొంతుల్లో ఒకటి అన్నిటికన్నా పైన వినపడుతోంది. నేర్చుకున్నట్టు లేదు, ఎవరికో మాటిచ్చినట్టు ఉంది. ధనశ్రీ తిరిగి చూడకుండానే పోల్చుకుంది. బాబ్జీ ఫోను మెల్లగా తన మీంచి పక్కకి, వెనక వరస వైపు జరగడం కూడా చూసింది.

రెండో వాక్యానికి ధనశ్రీ గొంతు పెంచింది. వెనకనుంచి మాధవీలతా పెంచింది. సఫూరా మేడమ్ కొంచెం తగ్గించమని పక్కనుంచి సైగ చేసింది.

ఇద్దరూ తగ్గలేదు.