అన్న గొంతు

యల్లమందది ఖంగుమనే గొంతు. యూట్యూబ్ ఛానల్ వాళ్లు పంపే ఆరోగ్య సలహాలు చదివి, రికార్డు చేసి ఇచ్చేవాడు. అందులో నిజమెంతో వాడికెందుకు?

నకరికల్లులో ఉండే చెల్లెలు శ్రీదుర్గకు చెవుల్లో ఎవరెవరో మాట్లాడుతున్నట్టుండేది. మాత్రలు వాడుతూ ఇల్లు నడుపుకొచ్చింది. ఉన్నట్టుండి అవి మానేసి, నెల తిరక్కుండా సాగర్ కాలువలో శవమై తేలింది.

పెద్దకర్మ నాడు ఆమె భర్త కోటేశ్వర్ ఫోన్ తెచ్చి వీడియో పెట్టాడు. "ఈ మాత్రలు మెదడును తినేస్తాయి. ఈరోజే మానేయండి," అంటోంది యల్లమంద గొంతు.

"ఏ గొంతు ఇనపడినా నన్నడిగేది బావా, నీకూ ఇనపడతందా అని. లేదని నేనంటే వదిలేసేది," అన్నాడు కోటేశ్వర్. "ఇదీ అడిగింది. ఇనపడతందే, మీ అన్నేగా అని చెప్పా."