చెయ్యి ఊపిన ఓడ

దీనమ్మ ఓడ ఎక్కుతుందంటే దరియాలతిప్పలో ఒక్కరూ నమ్మలేదు. ఎలా నమ్ముతారు మరి! ఐదేళ్లుగా ఓడ అన్న మాట చెవిన పడితే చాలు, చేతిలో చేట ఉంటే చేట, చీపురుంటే చీపురు నేలకేసి కొట్టి, ఓడల్లో తిరిగేవాళ్ళ ఏడు తరాలనూ కడిగి ఆరేసే మనిషి. ఆవిడే ఇప్పుడు చర్చికి కట్టుకునే తెల్లచీర ఇస్త్రీ చేయించుకుని, సంచిలో బైబిలూ, చిన్న డబ్బాలో మాగాయ ముక్కలూ పెట్టుకుని, విశాఖపట్నం రేవులో పదంతస్తుల ఓడ ముందు మెడ పైకెత్తి నిలబడింది.

ఈ ప్రయాణం అల్లుడి పుణ్యం. కిరణ్‌కుమార్ కనకాలపేటలో రొయ్యల మేత అమ్ముతాడు. ఆ ఏడాది వ్యాపారం బాగా జరిగిందని మేత కంపెనీవాళ్ళు డీలర్లందరినీ కుటుంబాలతో సహా చెన్నై దాకా ఓడలో తీసుకెళతామన్నారు. అత్తగారిని రమ్మనడానికి అతనికి నోరు రాలేదు. కూతురు షారోన్ మాత్రం, తిట్లు తినడానికి సిద్ధపడే, మాటవరసకి అడిగింది.

"వత్తాను," అంది దీనమ్మ. "నాకందులో ఓ పనుంది."

ఆ పనేమిటో ఎవరికీ చెప్పలేదు.

దీనమ్మ భర్త ఆనందరావు సముద్రం మీద వేటకి వెళ్ళేవాడు. తమ్ముడు లూయిస్, తనూ కలిసి ఒక ఫైబర్ బోటు. నవ్వు మొహం మనిషి. ఆయనకొక పిచ్చి ఉండేది. వేటలో ఉండగా దూరాన పెద్ద ఓడ కనబడితే చాలు, వల సంగతి కూడా మరిచిపోయి లేచి నిలబడి, మెడలో ఎర్ర తువ్వాలు తీసి గిరగిరా తిప్పేవాడు. పైనుంచి ఎవరైనా తిరిగి చెయ్యి ఊపారో, ఇక ఆ రోజు ఆయన్ని పట్టలేం. "ఈయేళ ఓడోళ్ళు చెయ్యూపేరే!" అని అన్నం తింటూ నాలుగుసార్లు చెప్పేవాడు. "ఊపితే ఊపేరు, కూడు తిను ముందు," అని దీనమ్మ కసురుకునేది. ఎన్నిసార్లు కసిరిందో లెక్కలేదు.

ఐదేళ్ల కిందట అక్టోబరులో అన్నదమ్ములిద్దరూ వేటకెళ్ళారు. మొదటి రోజునే ఇంజను ఆగిపోయింది. నీటి ఒరవడి బోటును దక్షిణానికి ఈడ్చుకుపోయింది. ఆరో రోజున నిజాంపట్నం వైపు వేటాడుకునేవాళ్ళు చూసి ఒడ్డుకి చేర్చారు. అప్పటికి లూయిస్‌కి ఊపిరుంది. ఆనందరావుకి ముందురోజే పోయింది. శవాన్ని ఇంటికి తెచ్చినప్పుడు దీనమ్మ ఒక్క సంగతి గమనించింది. వేటలో ఎప్పుడూ బనీనుతో ఉండే మనిషి, ఎండకి ఒళ్ళంతా మాడిపోయిన మనిషి, ఒంటి మీద తెల్లచొక్కా వేసుకుని ఉన్నాడు. మెడ దాకా బొత్తాలు పెట్టుకున్నాడు. ఇదేమిటని అడిగితే లూయిస్ తల వంచుకుని, "చలేసిందేమో వదినా," అన్నాడు.

ఇంకొక్క మాట మాత్రం చెప్పాడు. రెండో రోజు పొద్దున్న పెద్ద ఓడ ఒకటి వాళ్ళ పక్కనుంచే పోయిందట. మనుషులు తిరిగే ఓడట. ఎంత అరిచినా వాళ్ళు చూడలేదట. అంతే చెప్పాడు. బోటు అమ్మేసి, మళ్ళీ సముద్రం మొహం చూడకుండా, అగ్రహారంలో రొయ్యల చెరువు దగ్గర కాపలాకి కుదిరిపోయాడు.

చూడలేదంటే దీనమ్మ నమ్మలేదు. అంత ఓడలో అన్ని కళ్ళుండగా ఒక్క కంటికీ ఆనడా? చూసే పోయారు. బీదోడి బోటని పోయారు. ఆ రోజు నుంచీ చర్చిలో ప్రభువు ప్రార్థన చెప్పేటప్పుడు, తోటివాళ్ళ తప్పులు క్షమించే మాట దగ్గరకొచ్చేసరికి దీనమ్మ నోరు మూసుకునేది. ఆ ముక్క దాటాక మళ్ళీ అందుకునేది. పాస్టరుగారు కనిపెట్టి ఒకటి రెండుసార్లు మెల్లగా అడిగారు. "అబద్ధం ఆడమంటారా అయ్యగారూ?" అంది. ఆయన ఇక అడగలేదు.

ఇప్పుడు తెలిసింది కదా ఆవిడ పనేమిటో. ఓడ పైనుంచి చూస్తే మన బోటు కనబడుతుందా లేదా, తన రెండు కళ్ళతో తనే తేల్చుకోవాలి. కనబడదంటే వాళ్ళ తప్పు లేదు. అప్పుడు ఆ మాట నోరారా పలుకుతుంది. కనబడుతుందంటే మాత్రం చచ్చేదాకా పలకదు.

ఓడ పొద్దున్నే కదిలింది. అబ్బో, దాని వైభవం ఏం చెప్పను! లోపల లిఫ్టులు, ఈతకొలను, ఒక మూల ఇడ్లీలు, ఒక మూల కేకులు. ఎవడో పాటలు పెట్టాడు, మేత డీలర్లంతా పొట్టలు ఊపుకుంటూ గంతులు. ఏడేళ్ల మనవరాలు మౌనిక అయితే నేల మీద నిలిస్తే ఒట్టు. దీనమ్మ ఇవేవీ చూడలేదు. పై డెక్కు మీద కమ్మీ పట్టుకుని, సముద్రం మీంచి చూపు తిప్పకుండా నిలబడింది. షారోన్ ప్లేట్లో పెట్టి తెచ్చిచ్చిన పులిహోర చేతిలోనే చల్లారిపోయింది.

మధ్యాహ్నం దాటాక కిరణ్‌కుమార్ ఫోనులో మ్యాపు పట్టుకుని వచ్చాడు.

"అత్తయ్యగారూ, ఇప్పుడు మనం సరిగ్గా మన యానాం ఎదురుగా ఉన్నామండి. ఒడ్డు కనబడదనుకోండి, చాలా దూరం."

అప్పుడే దూరంగా నీళ్ళ మీద నువ్వుగింజంత నలుసు కనబడింది. "అదేంటి బాబూ?" అంది దీనమ్మ. "బోటేమోనండి, పక్షేమో, ఇంత దూరానికి తెలీట్లేదు," అన్నాడు అల్లుడు. దీనమ్మ కళ్ళు చికిలించి చూసింది. ఎంత చూసినా నలుసే. మనిషి ఆనవాలు లేదు.

ఆవిడ గుండెల్లోంచి ఏదో బరువు జారింది. కనబడదు. నిజంగానే కనబడదు. పాపం వాళ్ళేం చేస్తారు? ఐదేళ్లుగా ఎవరినో ఊరూ పేరూ తెలియని వాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టింది. లూయిస్ చెప్పింది నిజమే, అతన్ని కూడా అనుమానించింది. కమ్మీ పట్టుకునే కళ్ళు మూసుకుని, పెదవులు కదిలిస్తూ ప్రభువు ప్రార్థన మొదలుపెట్టింది. ఆ మాట దగ్గరకొచ్చింది. ఐదేళ్ల తరవాత మొదటిసారి ఆ మాట పూర్తిగా పలికింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ప్రాణానికి హాయిగా ఉంది.

"అమ్మమ్మా, బోటు! బోటు!"

మౌనిక చెయ్యి పట్టి లాగుతోంది. దీనమ్మ కళ్ళు తెరిచింది. ఆ నలుసు దగ్గరికొచ్చేసింది. ఓడే దాని దగ్గరికి పోయింది. ఇప్పుడది ఫైబర్ బోటు. అందులో ముగ్గురు మనుషులు. ఒకడు బిందె వంచి నీళ్ళు తాగుతున్నాడు. ఒకడు వల లాగుతున్నాడు. మూడోవాడు ఓడని చూసి లేచి నిలబడి, మెడలో తువ్వాలు తీసి గిరగిరా తిప్పాడు.

మనవాళ్ళే! అచ్చం ఆయన తిప్పినట్టే! దీనమ్మకి ఒళ్ళు తెలియలేదు. చెయ్యెత్తి ఊపింది. మౌనిక ఎగిరెగిరి ఊపింది. డెక్కు మీద ఉన్నవాళ్ళంతా కమ్మీ దగ్గరికి చేరి "హాయ్! టాటా!" అని అరుస్తూ ఊపారు, ఫొటోలు తీసుకున్నారు. కింద అతను పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. ఆ నవ్వు కూడా కనబడింది. పై పలువరసలో ఒక పన్ను లేకపోవడం కూడా కనబడింది.

దీనమ్మ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

బోటు మంచిగానే ఉంది. ఇంజను నడిచే బోటు అలకి ముక్కు ఎదురుపెట్టి నిలబడుతుందనీ, ఇంజను చచ్చిన బోటు అలకి అడ్డం తిరిగిపోతుందనీ ఆనందరావే ఆవిడకి చెప్పాడు. ఇది ముక్కు ఎదురుపెట్టే ఉంది. కానీ ఈ డెక్కు మీద అది ఎవరికి తెలుసు? అడ్డం తిరిగి ఉన్నా వీళ్ళు ఇలాగే ఊపేవాళ్ళు. అందరికంటే ముందు తనే ఊపింది. బోటు ఎలా ఉందో చూడకుండానే ఊపింది.

"బాబూ," అంది. "లూయీసుకి ఫోన్ కలపండి."

ఓడలో వైఫై ఉంది. కిరణ్‌కుమార్ కలిపి ఇచ్చాడు. అవతల చెరువులో నీళ్ళు చిలికే ఏరియేటర్ల చప్పుడు, దాని మధ్య లూయిస్ గొంతు.

"ఏటొదినా, ఓడ బాగుందా?"

"లూయీసూ, ఒక్క మాటడుగుతాను. ప్రభువు చూత్తన్నాడు, అబద్ధం ఆడకు. ఆయేళ ఓడోళ్ళు మిమ్మల్ని చూసేరా?"

లూయిస్ పక్కకి నడిచినట్టున్నాడు. ఏరియేటర్ల చప్పుడు దూరమైంది.

"చెయ్యి ఊపేరా?"

"ఊపేరొదినా," అన్నాడు లూయిస్. ఆ తరవాత ఇక ఆగలేకపోయాడు. "అన్నయ్య తువ్వాలు తీసి తిప్పేడు. పైనుంచి అందరూ ఊపేరు. ఎర్రగౌను పిల్లొకత్తి ఎగిరెగిరి ఊపింది. కర్రకి లుంగీ కట్టి ఎత్తుదాం అన్నయ్యా, గోలెడదాం అన్నాను. 'ఎందుకురా, చూసేరుగా, ఆగుతారు' అన్నాడు. ఆళ్ళు అలా ఊపుతుంటే అన్నయ్యకి నవ్వొచ్చేసింది. నీకు తెల్సుగా ఆ నవ్వు. నవ్వుతానే ఊపేడొదినా. ఓడలోకి ఎక్కించుకుంటారు, పెద్దోళ్ళుంటారు, బనీనుతో ఏం బాగుంటాదని సంచిలోంచి చొక్కా తీసి తొడుక్కున్నాడు. నన్నూ తొడుక్కోమన్నాడు."

దీనమ్మ కమ్మీకి ఆనుకుని కూలబడింది.

"ఓడ ఎళ్ళిపోయింది. 'పెద్దోడ కదరా, తిరగడానికి టైం పడద్ది, ఎనక్కొత్తారు' అన్నాడు. పొద్దోయేదాకా అటేపే చూసేడు. మరి ఆ చొక్కా ఇప్పలేదు."

"నాకెందుకు చెప్పలేదురా?"

"చూళ్ళేదంటే ఆళ్ళని తిట్టుకుంటావు. తిట్టుకుంటా ఎలాగో బతుకుతావు." లూయిస్ ఏడుస్తున్నాడు. "అన్నయ్య నవ్వేడని చెబితే ఎవర్ని తిట్టుకుంటావొదినా?"

ఫోను ఎప్పుడు పెట్టేశాడో ఆవిడకి తెలియదు. నెత్తి మీద పాట మోగుతూనే ఉంది. షారోన్ పరుగున వచ్చి పక్కన కూర్చుని "ఏమైందమ్మా, చెప్పమ్మా" అంటోంది. ఏం చెబుతుంది? ఐదేళ్లు ఆ తిట్లే ఆవిడకి పొద్దున్న లేవడానికి ఒక ఆధారం. అవి ఇప్పుడు ఎవరి మీదా ఆనవు. అక్కడ ఎర్రగౌను పిల్ల, ఇక్కడ మౌనిక. ఏ పిల్లని తిట్టాలి? క్షమించాలంటే మాత్రం ఎవరిని క్షమించాలి? తప్పు చేసినవాడు ఎవడయ్యా అంటే, పాతిక ముప్పై ఏళ్ళు తను వండిన కూడు తిని, ఓడోళ్ళు చెయ్యూపేరే అని మురిసిపోయిన ఆ పిచ్చిమనిషి ఒక్కడే.

"అమ్మమ్మా, ఇంకో బోటు! ఊపనా?" అంది మౌనిక.

"ఆగమ్మా," అని దీనమ్మ కమ్మీ పట్టుకుని లేచింది. చెంగుతో కళ్ళు తుడుచుకుని చాలాసేపు చూసింది. బోటు ముక్కు అలకి ఎదురుగా ఉంది. వెనక ఇంజను పొగ సన్నగా లేస్తోంది. "బాగానే ఉన్నారు. ఊపు," అంది.

పిల్ల ఊపింది. కిందవాళ్ళు ఊపారు. దీనమ్మ చెయ్యి లేవలేదు.

బోటు వెనక్కి పోయి నలుసైపోయేదాకా చూసి, అప్పుడు ఒక్కసారిగా గొంతెత్తింది. "నవ్వకపోతే ఏం పోయేదయ్యా నీకు? ఒక్కసారి... ఆ ఒక్కసారి ఏడిచి చూపించాల్సింది కదయ్యా!"

పాట ఆపి అందరూ తిరిగి చూశారు. ఒక డీలరుగారి భార్య పరుగున వచ్చి, ఓడ పడక వాంతులవుతున్నాయేమో అనుకుని, చేతిలో ఒక మాత్రా, నీళ్ళ సీసా పెట్టింది. దీనమ్మ ఆ మాత్ర పట్టుకుని అలాగే సముద్రం వైపు చూస్తూ నిలబడింది.