పదకొండో దగ్గు

రెండువేల పంతొమ్మిది మే పద్నాలుగు, ఉదయం ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు. ఆదోనిలో అప్పటికే ముప్పైఆరు డిగ్రీల వేడి; గాలి లేదు, ఆకాశంలో మబ్బు తునక లేదు. మూతపడిన పత్తి మిల్లులో వీరన్న నిచ్చెన మీద నిలబడి, పదమూడో కిటికీ మీంచి రాత్రి జారిన నల్ల కంబళిని మళ్లీ కప్పి మేకులు కొడుతున్నాడు.

ఎమ్మిగనూరులో పెళ్లిళ్లకు వీడియోలు తీసే జోయల్ ఒక దయ్యం సినిమా తలపెట్టాడు. రాత్రిపూట తీయడానికి కావలసినన్ని దీపాలు అతనికి అమరలేదు. అందువల్ల పట్టపగలే కిటికీలు మూసి రాత్రిని తయారు చేసుకుంటున్నాడు. కథలో దయ్యం ఆ మిల్లులోనే చనిపోయిన కూలివాడిది. పొగమంచు కోసం మట్టిమూకుళ్లలో నిప్పులు పోసి, తడిపిన పత్తిగింజల పొట్టూ సాంబ్రాణి పొడీ చల్లాలి. ఆ పని, కంబళ్ల పని వీరన్నవి. అదే మిల్లులో ఇరవయ్యారేళ్లు పనిచేసినవాడు కనుక, ఏ కిటికీ రెక్క ఎక్కడ విరిగిందో చీకట్లో కూడా చెప్పగలడు.

అతనికి అరవై ఒకటి. సన్నని మనిషి. ఊపిరి తీసినప్పుడల్లా మెడ కింద గుంట లోతుగా దిగుతుంది. అది కనబడకుండా ఎండాకాలంలోనూ చొక్కా పైగుండీ దాకా పెట్టుకుంటాడు. ఇరవయ్యారేళ్లు పీల్చిన దూదిధూళి రొమ్ములో దగ్గుగా నిలిచిపోయింది. మిల్లు మూసిన తర్వాత ఈ మూడేళ్లలో నూనె మిల్లువాళ్లు, మార్కెట్ యార్డు మేస్త్రీ, చివరికి ఒక కల్యాణమండపం మేనేజరు కూడా ఆ దగ్గు విని పని లేదన్నారు. అతని భార్య హుసేనమ్మ పుట్టింటివాళ్లు ఏటా కోసిగి నుంచి బెంగళూరుకు కట్టడాల పనికి పోతారు. ఈసారి ఆమె వీరన్నను ఇంట్లోనే ఉంచి వాళ్లతో పోవడానికి మూట కట్టుకుంది. పని నచ్చితే పెళ్లిళ్లలో దీపాలు పట్టుకోవడానికి జోయల్ తనను ఉంచుకుంటాడని చెప్పి వీరన్న ఆమెను పది రోజులు ఆపాడు. ఇది నాలుగో రోజు.

"ఆ పొగలో నిలుస్తావా నువ్వు?" అని ఆమె అడిగింది.

"దూదిలో నిలిచినోన్ని. పొగ ఒక లెక్కా?" అన్నాడు.

పద్నాలుగో కిటికీ పత్తి బేళ్లు కట్టే యంత్రం వెనక, రొమ్మెత్తున ఉంది. దాని కంబళికి కింది మూల అతను మేకు కొట్టలేదు. షాటుకూ షాటుకూ మధ్య యంత్రం చాటుకు వెళ్లి, జానెడు సందుకు నోరు ఆనించి గాలి పీల్చుకునేవాడు. బయటికి పోవడానికి వీల్లేదు. తలుపు తీస్తే జోయల్ రాత్రి చెడిపోతుంది.

పదకొండున్నరకు శవం షాటు మొదలైంది. చచ్చిపోయిన పిల్లగా నందవరం అమ్మాయి మౌనిక దూదిమూటల మీద కళ్లు మూసుకొని పడుకుంది. వీరన్న మూకుళ్లలో పొట్టు చల్లి, తువ్వాలు పళ్ల మధ్య పెట్టుకొని కూర్చున్నాడు. తువ్వాలు దగ్గును ఆపలేకపోయింది.

శబ్దం పట్టే సామ్సన్ చెవుల మీది హెడ్‌ఫోన్లు తీశాడు. "ఎవురప్పా అది దగ్గింది?"

వీరన్న తువ్వాలు నోట్లోంచి తీశాడు.

"నేనే. ఇంగ రాదులే," అన్నాడు వీరన్న. అంటూనే, చెప్పులు ఎక్కడ విడిచాడో చూసుకున్నాడు.

షాటు మళ్లీ తీశారు. ఈసారి దగ్గు రాలేదు. అది కాగానే మౌనికను లేపి, నవ్వించి, కళ్లు తెరిచిన ఫొటో తీశారు. శవంగా పడుకున్నవాళ్లకు ఆ ఫొటో తీయకపోతే కీడని సినిమావాళ్ల నమ్మకం. జోయల్ ఆదివారాలు చర్చికి పోయేవాడే అయినా ఆ ఆనవాయితీ మాత్రం తప్పడు.

తర్వాత అతను సామ్సన్ దగ్గర ఆ దగ్గును రెండుసార్లు విని, వీరన్న వైపు వచ్చాడు.

"పెద్దాయనా, మన దయ్యానికి గొంతు దొరకలేదని నాల్గు దినాలుగా కొట్టుకుంటాండా. ఇదే గొంతు. మల్లా దగ్గుతావా?"

వీరన్న చెప్పుల వైపు నుంచి చూపు మళ్లించాడు. "ఎన్నిసార్లు గావల్ల?"

పొగ లేకుండా దగ్గితే గొంతు సవరించుకున్నట్లు వచ్చింది. అందువల్ల మూకుళ్లు నింపారు. మూడోసారి దగ్గుతుండగా రోడ్డు మీద ఆటో హారను మోగింది.

"ఆ మిషన్ ఎనకాల యాడనో సందుండాది. మూసేయ్ పెద్దాయనా," అన్నాడు సామ్సన్.

సందు ఎందుకని వాళ్లు అడగలేదు. అది తనకు కావాలని అంటే అడుగుతారు. వీరన్న సుత్తీ మేకులూ తీసుకొని మూలను తనే బిగించాడు. ఒకటి చాలినచోట నాలుగు కొట్టాడు.

అలా నలభై నిమిషాలు. పదకొండో దగ్గు మోకాళ్ల మీదికి వంగాక కూడా ఆగలేదు. చివర ఊపిరి ఈలలాగా సాగి తెగిపోయింది. జోయల్ చేయెత్తాడు.

"సాలు. పెండ్లిళ్లకు గూడా నాతోనే రా, పెద్దాయనా. ఖాయం."

టీ తాగుతూ వీరన్న అడిగాడు: "నాకు తియ్యవా అప్పా, నవ్వే ఫొటో?"

"నువ్వు యాడ సచ్చినావు? దగ్గినావు, అంతే," అన్నాడు సామ్సన్. అందరితోపాటు వీరన్నా నవ్వాడు.

ఇంటికి చేరేసరికి ఆరుంబావు. గడపలో కూర్చుంటూనే, "మూట ఇప్పేయ్," అన్నాడు. ఇంకేమీ చెప్పడానికి ఊపిరి చాలలేదు. హుసేనమ్మ మూట విప్పి చీరలు దండెం మీద వేసింది. పళ్లెంలో జొన్నరొట్టె పెట్టి, కారం తేవడానికి లోపలికి పోయింది. తిరిగి వచ్చేసరికి అతను గోడకు ఆనుకొని వీధి వైపు చూస్తున్నాడు. రొట్టెను తుంచలేదు. రెండుసార్లు పిలిచిన తర్వాత ఆమె చేతిలోని గిన్నె కింద పెట్టింది.

వీరన్న పోయిన మూడో రోజున జోయల్ వచ్చి, మౌనికకు తీసిన నవ్వే ఫొటో తనకూ తియ్యమని అతను అడిగిన సంగతి చెప్పినప్పుడు ఆమె ఏడవలేదు. "ఆ పాపకు తీసిన ఫొటో మా ఆయప్పకు గూడా తీసింటే బతికిండునేమో," అంది. జోయల్ తల దించుకున్నాడు. అతనూ అదే నమ్మాడు; తర్వాత తీసిన సినిమాల్లో గొంతు ఇచ్చినవాళ్లకు కూడా నవ్వే ఫొటో తీశాడు. పద్నాలుగో కిటికీ ఇద్దరికీ తట్టలేదు. షూటింగు ముగిశాక సామ్సన్ కంబళ్లు లాగినప్పుడు పదమూడు సులభంగా వచ్చాయి. పద్నాలుగోది చిరిగి, దాని మూల నాలుగు మేకులకూ అంటుకుని అక్కడే ఉండిపోయింది.

జూన్‌లో హుసేనమ్మ బెంగళూరు వెళ్లింది. సినిమా ఏ హాల్లోనూ ఆడలేదు. పదకొండో దగ్గును మాత్రం అడిగినవాళ్లందరికీ సామ్సన్ ఫోన్లో పంపేవాడు. రెండువేల ఇరవైనాలుగు నాటికి అది మూడు దయ్యం సినిమాల్లో వినబడింది. వాటిలో ఒకదానిలో ఆడదయ్యం దగ్గుతుంది.