ఇంకో మూడు చిల్లులు

మా తమ్ముడి కూతురు ఐదేళ్ళుగా ఒక రాణి మీద పరిశోధన చేస్తోంది. ట్యూడర్లని ఇంగ్లండును ఏలిన వంశం ఉండేదట. ఆ ఇంటికి కోడలుగా వెళ్ళిన రాణి. మొగుడు కొన్నాళ్ళు నెత్తిన పెట్టుకుని, తర్వాత వెళ్ళగొట్టాడట.

నేను గ్రంథాలయంలో పుస్తకాలు కుడతాను. చదివింది మూడో తరగతి.

ఆ రాణి ఉత్తరాలకు ఎవరో రాసుకున్న పాత నకళ్ళు మా దగ్గర రెండు కట్టలున్నాయి. పెళ్ళైన కొత్తలోవి ఒకటి, వెళ్ళగొట్టాక రాసినవి ఒకటి. మొదటిది కుట్లు ఊడి నా బల్ల మీదికి వచ్చింది. పిల్ల పక్కన కూర్చుని అందులో ఒకటి చదివి వినిపించింది. భర్త తనని కళ్ళల్లో పెట్టుకుని చూస్తున్నాడని రాసుకుంది రాణి.

“కొత్త పెళ్ళికూతురు కదా పెదనాన్నా, మురిసిపోతోంది.”

నేను కాగితాన్ని వెలుతురుకి పట్టి చూశాను.

“ఇది ఇక్కడిది కాదమ్మలూ. తక్కినవాటికి సూది చిల్లులు ఐదు. దీనికి ఆ ఐదు కాక ఇంకో మూడున్నాయి, చూడు. ముందు వేరేచోట కుట్టి, విప్పి, ఇందులో కలిపారు.”

రెండో కట్ట తెప్పించింది. అందులో అన్నిటికీ మూడే. దీని మూడూ వాటి మీద సరిగ్గా కూర్చున్నాయి.

పిల్ల ఆ ఉత్తరాన్ని మళ్ళీ మొదటినుంచీ చదివింది.

“అంటే వెళ్ళగొట్టాక రాసింది. అయినా బాగానే చూస్తున్నాడని రాసింది.” కళ్ళు తుడుచుకుంది. “ఇన్నాళ్ళూ ఎవరికీ పట్టలేదు, నీకు తప్ప. నా పుస్తకంలో మొదటి పేజీలోనే నువ్వుంటావు పెదనాన్నా.”

నేను అడగలేదు. కానీ ఆ మాట ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పాను. నేను ఏదీ చెప్పే మనిషిని కాను.

ఏడాది తర్వాత, నిన్న పొద్దున, ఆ పుస్తకం కుట్టడానికి తెచ్చింది. మధ్యాహ్నంలోపు విశ్వవిద్యాలయంలో ఇవ్వాలట. సాయం చేసినవాళ్ళకి కృతజ్ఞతలు చెప్పే మొదటి పేజీ కూడబలుక్కుని చదివాను. ఆచార్యులున్నారు. టైపు చేసినతను ఉన్నాడు. రాత్రుళ్ళు తోడున్నందుకు తన పెంపుడు పిల్లి కూడా ఉంది. లోపల నేను పెన్సిల్‌తో గీసిచ్చిన చిల్లుల బొమ్మ ఉంది. దాని కింద, ఈ సంగతి తానే గమనించానని రాసుకుంది.

“నేనేడమ్మా?”

“అది కాదు పెదనాన్నా... మూడో తరగతి చదివినాయన చెప్పాడంటే వాళ్ళు నవ్వుతారు. అయినా మనం మనం ఇంట్లోవాళ్ళం కదా.”

“పిల్లి ఎన్నో తరగతి?”

తల దించుకుంది. “అచ్చేసేటప్పుడు పెడతాలే. ముందు కుట్టెయ్యి, టైమైపోతోంది.”

సూదిలోకి దారం ఎక్కించాను. ఆ పని దానికి చిన్నప్పట్నుంచీ రాదు. సూదిని కాగితాల దొంతర మీద పెట్టి పిల్ల వైపు జరిపాను.

“చిల్లులు నువ్వే చూశావుగా. కుట్టు కూడా నువ్వే వేసుకో.”

“పెదనాన్నా!”

ఇంకో పుస్తకం ముందుకు లాక్కున్నాను.

సాయంత్రం చెప్పులు విప్పకముందే మా ఆవిడ ఎదురొచ్చింది.

“మీ గురించి రాసిందా?”

“రాసింది,” అన్నాను. “మొదటి పేజీలోనే.”