పెరట్లో నల్లమన్ను

ఆ ఉదయం పడమటి మబ్బు గుట్టల మీదికి దిగి అక్కడే కూర్చుంది. కురవదు, పోదు. ఏటా వానకు మొగం వాచే వెంకటసుబ్బయ్య ఆ ఒక్కరోజు మాత్రం కురవొద్దని మొక్కుకున్నాడు.

ఊరి బయట పాత బ్యాటరీలు కరిగించి సీసం తీసిన రేకుల షెడ్డు మూతపడి ఐదేళ్లయింది. అక్కడి మన్నంతా సీసపు విషమేనని నెల కిందట తేల్చారు. అప్పట్నుంచి దాన్ని దుమ్ము లేవకుండా తడిపి, తవ్వి, లారీలకెత్తి, పట్టలు కప్పి పంపుతున్నారు. ఇవాళ ఆఖరి లారీ, వాన పడితే పని ఆగిపోతుంది.

మూడేళ్ల కిందట ఆ షెడ్డు వెనక మన్ను నల్లగా నిగనిగలాడుతుంటే వెంకటసుబ్బయ్య రెండు ట్రాక్టర్లు తోలి పెరట్లో పరిచాడు. పాడుబడ్డ ఊళ్ల దిబ్బల నుంచి పాటిమన్ను తోలి నేలకు బలం చేయడం తాతలనాటి అలవాటు. నల్లమన్ను కనబడితే చెయ్యి ఆగదు. ఆ పెరట్లోనే భార్య పద్మమ్మ గోంగూర వేసింది. శుక్రవారం కూతురు సుజాత పురిటికి వస్తోంది. సంత గోంగూరతో కూతుర్ని మభ్యపెట్టొచ్చు. రేపు పాకే బిడ్డను ఆ మన్నులోంచి ఎట్లా ఆపడం?

అక్కడ మన్ను తవ్వే ప్రొక్లెయిన్ నడిపే మార్కాపురం జానీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"ఏంది మామా, లారీకి దిష్టి తీయను వచ్చినావా?"

"ఇంకో లారీ కావాల అల్లుడా."

"యాడికి?"

"మా పెరట్లోకి. ఈ మన్ను నేనే తోలినా."

జానీ మిషను ఆపాడు. "దీన్ని ఎవురూ ముట్టొద్దని గ్రామసభలో అరిచినోడివి నువ్వే గదా!"

"నేనే. అందుకే అరిచినా."

మన్ను పరీక్ష చేసే రిహానా వచ్చి, సీసం కొలిచే తుపాకిలాంటి పరికరాన్ని పెరటి నేలకు ఆనించింది. అంకె చూసి కనుబొమలు ముడిచింది.

"జానెడు లోతు తీయాల పెద్దనాయనా. ఆకు కూడా పీకాల. మీరిద్దరూ రక్తపరీక్ష చేయించుకోండి. అమ్మాయి వచ్చిందా?"

"ఇంకా లేదు."

"అయితే టయానికే చెప్పినావు."

గడపలో నిలబడి అంతా విన్న పద్మమ్మ మొగుడి వంక చూసింది. "మన గోంగూరకు పురుగు పట్టిందని నెల నుంచి సంతలో గోంగూర కొనుక్కొస్తివే. ఇదా ఆ పురుగు?"

ఆమె కొంగు బిగించి, గోంగూరను వేళ్లతో సహా పీకి గోతాంలో కుక్కింది.

"ఈసారి ఎర్రమన్ను తోలుకో మామా. ముందు రిహానమ్మకు చూపించు" అన్నాడు జానీ, పెరట్లో మిషను బకెట్ దించుతూ.

పొద్దు వాలేలోపు పెరడు గుంటయింది. పట్ట కప్పిన లారీ రోడ్డెక్కి మలుపు తిరిగాక, అప్పటిదాకా ఉగ్గబట్టుకున్న మబ్బు విడిచింది.

నలుగురూ మోచేతుల దాకా రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నారు. పద్మమ్మ వసారాలో జొన్నరొట్టెలు వడ్డించింది. సంత గోంగూర పచ్చడి మొగుడి పళ్లెంలోనే ముందు వేసింది, అందరికంటే కాస్త ఎక్కువే. గుంటలో చినుకులు పడుతుంటే చూస్తూ తిన్నారు.