సబ్బుపెట్టెలో తూటా

మధ్యాహ్నం మూడున్నరకి ఎల్సా యూనివర్సిటీ నుంచి వచ్చి, బ్యాగు కుర్చీలో పడేసి, బిస్కెట్ డబ్బా మూత తీసేది. గిరావీన్‌లోని ఆ ఇంట్లో అది రోజూ జరిగే పనే. డబ్బాలో పాత రివాల్వర్ తూటాలు ఇరవై మూడున్నాయి. వంటింటి బల్ల మీద చీర ముక్క పరిచి పోస్తే కాసేపు దొర్లి, నెమ్మదిగా తిరిగి, అన్నీ ఒకే దిక్కుకి మొన పెట్టి ఆగేవి.

"ఎటంటున్నాయే?" అని స్టవ్ దగ్గర్నుంచి రూత్ ఆంటీ అడిగేది.

"పెండిల్ హిల్ వైపు ఆంటీ."

"అయితే రైల్వే స్టేషన్ దగ్గరుంటాడు. టీ చల్లారేలోపు తీసుకురా అమ్మడూ."

తూటాలు చూసేది ఆంటీ భర్త మరియదాసు అంకుల్‌ని. నర్సాపురం నుంచి ఈ దేశం వచ్చిన ఎల్సా వాళ్లింట్లోనే ఒక గది అద్దెకి తీసుకుని నర్సింగ్ చదువుతోంది. అంకుల్ బ్యాంకుల డబ్బు మోసే వ్యాన్‌కి పద్దెనిమిదేళ్లు కాపలా ఉన్నాడు. ఒక్కసారీ పేల్చలేదు. ప్రభుత్వం చేతి తుపాకులు వెనక్కి తీసుకున్న ఏడాది రివాల్వర్ ఇచ్చేశాడు గానీ, గ్యారేజీలో ఉన్న తూటాలు ఎవరికీ గుర్తు రాలేదు. ఇప్పుడు ఆయన ఒక్కొక్కటే మర్చిపోతున్నాడు. ముందు కారు తాళాలు, తర్వాత తన చర్చి పేరు, మొన్న క్రిస్మస్‌కి ఆంటీ పేరు. అన్నేళ్లు నడుముకి కట్టుకు తిరిగిన మనిషిని తూటాలు మాత్రం మర్చిపోలేదు.

ఎల్సా ఎప్పుడూ ఒకే తూటా తీసుకునేది. దాని మీద పసుపు మరక ఉండేది. దాన్ని అద్దంలాంటి సబ్బుపెట్టెలో పెట్టి, చర్చిలో కొవ్వొత్తి పట్టుకున్నట్టు అరచేతిలో పట్టుకుని, రాలిన ఊదా రంగు జకరండా పూల మీదుగా నడిచేది. తూటా తిరిగిన చోటల్లా తనూ తిరిగేది. చివరికి ఏదో బస్టాప్‌లో ఆయన నిటారుగా కూర్చుని ఉండేవాడు.

"బండింకా రాలేదమ్మా."

"వస్తుంది అంకుల్. ఈలోగా టీ తాగొద్దాం."

"డ్యూటీలో టీయా?"

"ఇవాళ పర్మిషనిచ్చారు."

ఆ మాటకి లేచి వచ్చేసేవాడు.

ఒకరోజు డేనీ ఎదురొచ్చాడు. ఎల్సా క్లాసే. తెనాలి కుర్రాడు, ఫుడ్ డెలివరీ చేసేవాడు. అతను నవ్వితే ఎల్సా ఎక్కాల్సిన ట్రైన్ కూడా వదిలేసుకునేది. ఆ రోజు అతను నవ్వలేదు.

"పిచ్చా నీకు? లైసెన్స్ లేకుండా తూటా పట్టుకుని రోడ్డు మీద తిరుగుతావా?"

"అంకుల్ టూంగాబీ వైపున్నారు, చూడు ఎలా తిరిగిందో."

"అది ఎటు చూస్తే ఏంటి ఎల్సా? పోలీసులు నీ చేతికేసి చూస్తారు. వీసా పోతే నర్సాపురంలో మీ అమ్మకేం చెప్తావ్? సబ్బు కొనుక్కోడానికెళ్లానంటావా?"

ఆ శనివారం డేనీ ఇంటికే వచ్చేశాడు. బ్లాక్‌టౌన్‌లో శేషగిరి అనే ఆయన పాత తూటాలు పోగుచేస్తాడట, ఆయనకి లైసెన్స్ ఉందట. "పోలీస్ స్టేషన్‌లో ఇచ్చేస్తే ఊరికే పోతాయి ఆంటీ. అమ్మితే అంకుల్‌కి జీపీఎస్ వాచీ కొనొచ్చు. ఫోన్‌లో మ్యాప్ మీదే కనిపిస్తారు."

ఆంటీ తూటాల్ని చీర కొంగుతో తుడుస్తోంది. అంకుల్ హాల్లో అటూ ఇటూ నడుస్తుంటే అవీ బల్ల మీద అటూ ఇటూ కదులుతున్నాయి.

"నా పేరు మర్చిపోయిన మనిషి. ఈయన్ని ఎరిగినవి ఇవే మిగిలాయి," అంది. "మోకాళ్లతో నేను వెతకలేను. తిరిగేది నువ్వు కాబట్టి నువ్వే చెప్పు అమ్మడూ. ఉంచుదామా, అమ్మేద్దామా?"

బల్ల కింద డేనీ ఎల్సా చెయ్యి పట్టుకున్నాడు. మొదటిసారి పట్టుకున్నాడు.

"అమ్మేద్దాం ఆంటీ."

శేషగిరి మంచివాడే. కాగితం మీద సంతకం చేయించుకుని డబ్బా తీసుకెళ్లాడు. కారు మలుపు తిరిగేదాకా డబ్బాలోంచి గలగల వినిపిస్తూనే ఉంది. అవి ఇంటివైపు తిరుగుతున్నాయి. గుమ్మంలో నిలబడ్డ అంకుల్ నడుము తడుముకున్నాడు.

"ఏదో జారిపోయిందమ్మా."

వాచీ బాగానే పనిచేసింది. ఎల్సాకి సాయంత్రాలు ఖాళీ అయ్యాయి. డేనీతో పరమట్టా నది ఒడ్డున కూర్చుని, సెమిస్టర్ అయ్యాక ఇద్దరూ తీసుకోబోయే గదికి కర్టెన్ల రంగు కూడా అనుకుంది. ఆరో వారం గురువారం ఫోన్ తీసి చూస్తే, అంకుల్ ఇంట్లోనే ఉన్నట్టు చుక్క వెలుగుతోంది. మూడున్నరకి ఇంటికొచ్చేసరికి ఆంటీ గుమ్మంలో నిలబడి ఉంది. అంకుల్ లేడు. వాచీ బియ్యం డబ్బాలో దొరికింది.

ఎల్సా, డేనీ అతని కారులో బ్లాక్‌టౌన్ పరిగెత్తారు. శేషగిరి ఏమీ అడక్కుండా అల్మరా తెరిచాడు. ఇరవై మూడు తూటాలూ అడ్డదిడ్డంగా, ఒక్కోటి ఒక్కో వైపు పడి ఉన్నాయి.

"నిన్నటిదాకా గిరావీన్ వైపే చూసేవమ్మా," అన్నాడు ఆయన. "ఇవాళ మధ్యాహ్నం రెండింటికి ఇలా అయ్యాయి."

ఎల్సా నేల మీద కూర్చుండిపోయింది. అంకుల్ వాగు పక్కన ప్రాణం లేకుండా దొరికాడని పోలీసులు ఆంటీకి చెప్పేసరికి, ఆయన పోయిన సంగతి ఎల్సాకి గంట ముందే తెలుసు.

అల్మరా మూయబోతూ శేషగిరి ఆగాడు. పసుపు మరక ఉన్న తూటా నెమ్మదిగా తిరుగుతోంది. ఎల్సాకేసి మొన పెట్టి ఆగింది. ఆమె పక్కకి జరిగితే అదీ జరిగింది.

"నాకిచ్చేయండి అంకుల్."

"లైసెన్స్ లేకుండా ఎలా ఇస్తానమ్మా?" అన్నాడు శేషగిరి, తనే తప్పు చేసినట్టు.

చదువైపోయాక డేనీకి పెర్త్‌లో ఉద్యోగమొచ్చింది. పియారా వాటర్స్‌లో ఇల్లు చూశాడు, కర్టెన్లు ఆమె అనుకున్న రంగువే వేశాడు. రమ్మని మూడుసార్లు ఫోన్ చేశాడు.

"నేనక్కడికొస్తే ఆ తూటా పడమటికి తిరగాలి డేనీ," అంది ఎల్సా మూడోసారి. "ఇప్పటికే ఒకసారి దానిచేత ఇల్లు మార్పించాను."

తర్వాత అతను చెయ్యలేదు.

ఇప్పటికీ ఆదివారం ఎల్సా, ఆంటీ చర్చి నుంచి వచ్చాక శేషగిరి ఫోన్ చేస్తాడు. తూటా ఎటు చూస్తోందో రెండు మాటల్లో చెప్పి పెట్టేస్తాడు.

"ఎటంటోందే?" అని స్టవ్ దగ్గర్నుంచి ఆంటీ అడుగుతుంది.

"ఇటే ఆంటీ."

"అయితే ఇంట్లోనే ఉన్నావన్నమాట," అని ఆంటీ టీకి నీళ్లు పెడుతుంది. ఇప్పటికీ మూడు కప్పులకి సరిపడానే పెడుతుంది.