మూడు ప్లాన్లు, ఒక్క సెలవు

ఆఫీసులో అందరూ ఆయన్ని గీతలాయన అంటారు. కట్టే భవనాలకు ఏ పని ఏ రోజు మొదలై ఏ రోజు ముగియాలో కంప్యూటర్లో అడ్డపట్టీలుగా గీసిపెట్టడం ఆయన ఉద్యోగం.

ఆ రోజు మూడు భవనాల ప్లాన్లు కలిపి ఒకే పట్టీల పటం, గాంట్ చార్టు, చెయ్యమన్నారు. దేనికది చూస్తే మూడూ ముత్యాల్లా ఉన్నాయి. కలిపేసరికి బండారం బయటపడింది. మూడు చోట్లకీ క్రేను ఒకటే, నడిపేవాడూ ఒకడే. పదమూడో తారీఖు నుంచి ఐదు రోజులు వాడు మొదటి భవనం దగ్గర దూలాలెత్తాలి, అవే రోజుల్లో రెండోదాని దగ్గర ఇనుము దింపాలి. మూడో ప్లాన్లో మాత్రం వాడికి సెలవు. పద్నాలుగున వాడి పెళ్లానికి గుండె ఆపరేషను.

గీతలాయనకు ఇది కొత్త కాదు. నాలుగేళ్ల కిందట జబ్బుపడ్డ భార్య కోసం ఆయన పెట్టిన సెలవునీ ముగ్గురు ఇంజనీర్లు తలో వారం వెనక్కి నెట్టారు. ఒక్క వారమేగా అన్నారు ఎవరికి వాళ్లు. మూడూ కలిపి చూసినవాడు లేడు. ఇంట్లో మనిషి మూడు వారాలు ఆగలేదు.

అందుకే ఈసారి సెలవుని చార్టులో అన్నిటికంటే పైన, ఎర్రగా పెట్టాడు. క్రేను పనులన్నీ దాని వెనక ముడేశాడు. దాన్ని ఎవడు కదిపినా మూడు భవనాలూ కదలాల్సిందే.

పెద్దసారు వచ్చి తెర ముందు వంగాడు.

"ఏంటయ్యా, మూడూ ఐదేసి రోజులు ఆలస్యమా? ఈ ఎర్రపట్టీ ఏంటి?"

"క్రేనతని సెలవండి."

"నెలాఖరుకు జరుపు."

"మీరే జరిపి చూడండి."

జరిపాడు. మూడు భవనాలూ గొర్రెల్లా దాని వెంట నడిచాయి. పెద్దసారు మొహం మాడింది.

"ఆ ముడి విప్పు."

"విప్పను. అతను లేందే క్రేను లేవదు. ఆపరేషను మన చార్టు చూసుకుని రాదు."

"నీకెందుకయ్యా అంత నొప్పి? వాడేమన్నా నీ మేనల్లుడా?"

"కాదండి. అతనికి ఇంటి దగ్గర ఇంకా మనిషి ఉంది."

పెద్దసారు కుర్చీ జరుపుకుని పక్కన కూర్చున్నాడు. మెత్తబడ్డాడనుకున్నాడు గీతలాయన. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆయనకు ఒంటబట్టనిది పెద్దసార్లు మెత్తబడరన్న సంగతి ఒక్కటే. పెద్దసారు మౌసు లాక్కుని, మూడు చోట్లా క్రేనతని పేరు చెరిపి 'బయటి మనిషి' అని కొట్టాడు. ఎర్రపట్టీ తీసిపారేశాడు. భవనాలు బుద్ధిగా వెనక్కొచ్చి పాత తేదీల్లో కూర్చున్నాయి.

"చూశావా? మనిషిని మారిస్తే పోయేదానికి ఇంత రభస." భుజం తట్టాడు. "నువ్వలా ముడేశావు కాబట్టే తట్టింది నాకు."

సాయంత్రం గేటు దగ్గర క్రేనతను ఎదురొచ్చాడు.

"బాబాయ్, నా సెలవు ఏమైంది?"

"దొరికింది."

"ఐదు రోజులూనా?"

"ఇక అసలు పనికే రానక్కర్లేదట. నీ సెలవు తీసి పైన పెట్టింది నేనే. పెట్టకపోతే నీ మీద కన్ను పడేది కాదు."

క్రేనతను టోపీ తీసి చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. తిడతాడని కాచుకున్నాడు గీతలాయన. తిట్టినా బాగుండేది.

"పోన్లే బాబాయ్. పద్నాలుగున దాని పక్కనుంటాగా."

వాడి వీపు మలుపు తిరిగేదాకా చూశాడు గీతలాయన. జాలి రాలేదు, అసూయ పుట్టింది. తన ఉద్యోగం మాత్రం ఆనాడూ పోలేదు, ఈనాడూ పోలేదు.